ఓరుగల్లు వీథిలో పల్నాటి పాట: క్రీడాభిరామంలో నడక, చూపు, వినికిడి

కొండవీటి రెడ్డిరాజుల కాలంలో కళలు వర్ధిల్లిన తీరును వివరించే వ్యాసాలు దాదాపుగా ఒకే దారిన నడుస్తాయి. కుమారగిరిరెడ్డి (1386–1402) జరిపించిన వసంతోత్సవాలు, ఆయన పేర వెలసిన వసంతరాజీయమనే నాట్యశాస్త్రం, లకుమాదేవి నృత్యం, కాటయవేముడు కాళిదాసు నాటకాలకు రచించిన వ్యాఖ్యలు, అటు తరువాత పెదకోమటి వేమారెడ్డి (1402–1420) ఆస్థానంలో శ్రీనాథుని విద్యాధికారం. ఈ వరుస తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ పరిచితమే. ఇందులో ప్రతి కళా ఒక ప్రభువు పేరుతో మొదలై, ఆ ప్రభువు పేరుతోనే ముగుస్తుంది. కోట లోపల ఆడినదే ఆట, పాడినదే పాట. కొండ దిగువన సంతలో, గుడి ముంగిట, పేట మలుపులో జరిగిన ఆటపాటలకు ఆస్థాన సాహిత్యంలో చోటు చాలా తక్కువ.

అయితే ఆ కాలానికి చెందినదిగా సాహిత్య చరిత్రకారులు భావించే ఒక తెలుగు రచన వీధినే వస్తువుగా స్వీకరించింది. అది క్రీడాభిరామం. ఇద్దరు మిత్రులు తెల్లవారుజామున బయలుదేరి, పొద్దుపోయేదాకా ఒక మహానగరంలో కాలినడకన తిరుగుతూ, కంటబడిన ప్రతి ఆటనూ, చెవినిబడిన ప్రతి పాటనూ ముచ్చటించుకోవడమే అందులోని ఇతివృత్తం. ఆ నగరం కొండవీడు కాదు, ఓరుగల్లు. కాకతీయ ప్రతాపరుద్రుని పతనంతో (1323) రాజధానీ వైభవం కోల్పోయిన ఓరుగల్లు. కృతికర్తగా గ్రంథంలో కనబడే వల్లభరాయని ఇంటిపేరు మాత్రం వినుకొండ. కొండవీడు, వినుకొండ రెండూ నేటి పల్నాడు జిల్లాలోనివే. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆ ఓరుగల్లు వీధుల్లో నడిచేవారిని నిలువునా ఆపివేసిన పాట పల్నాటి వీరుల పాట.

క్రీడాభిరామంలోని కళావర్ణనలన్నీ ఒక్క తీరువి కావు. మిత్రులు కళను కంటితో అందుకున్నచోట పద్యం ఒక విధంగా నడుస్తుంది, చెవితో అందుకున్నచోట మరొక విధంగా నడుస్తుంది. కన్ను ముందున్నచోట కళాకారిణి దేహంగా మిగులుతుంది. చెవి ముందున్నచోట ఆమె విద్య పద్యంలోకి వస్తుంది. ఈ భేదాన్ని గమనించకుండా క్రీడాభిరామాన్ని కాకతీయుల నాటి కళల పట్టికగా చదవడం వలన ఆ కృతికీ, అందులో పాడినవారికీ కూడా అన్యాయం జరిగింది.

కర్తృత్వం: కొండవీటి చేంతాడు

క్రీడాభిరామం 1909లో మానవల్లి రామకృష్ణకవి కృషి వలన వెలుగు చూసింది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి ఇది తెలుగు సేత. మూలం నేడు లభ్యం కాదు. గ్రంథస్థంగా కర్త వల్లభరాయడే అయినప్పటికీ, శైలినీ పద్యాల పోలికలనూ ఆధారం చేసుకుని వేటూరి ప్రభాకరశాస్త్రి దీనిని శ్రీనాథ కృతిగా ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను సమర్థించినవారూ కాదన్నవారూ రాసిన రాత కొండవీటి చేంతాడంత పొడవు. వేటూరివారి వాదంలో సాహిత్య శ్రవణశక్తి ఉంది. పద్యపు పోకడను చెవితో పట్టగలిగిన పండితుడు కాబట్టే ఆయనకు ఆ అనుమానం కలిగింది. కాని ఆ చర్చ నూరేళ్లుగా కృతిని కమ్మివేసింది. ఎవరు రాశారన్న ప్రశ్న ముందుకు వచ్చి, ఎవరు పాడుతున్నారు, ఎవరు వింటున్నారు అన్న ప్రశ్న వెనుకబడింది. కర్త వల్లభరాయడైనా శ్రీనాథుడైనా ఇక్కడి పరిశీలనకు వచ్చే లోటు లేదు. ఇద్దరిలో ఎవరైనా రెడ్డిరాజుల నాటి తెలుగు తెలిసినవారే, ఓరుగల్లు మహావైభవాన్ని కన్నులారా చూడనివారే.

ఈ రెండవ విషయం మీద కొంత నిలవాలి. త్రిపురాంతకుడు తన కాలపు నగరాన్ని వర్ణించి ఉండవచ్చు. తెలుగు చేసిన కవికి మాత్రం అది గతించిన నగరం. అయినా కృతిలో ఎక్కడా భూతకాలపు నిట్టూర్పు లేదు. పాత్రలు ఎదురుగా ఉన్నదాన్ని చూపి ఒకరితో ఒకరు చెప్పుకుంటాయి. దృశ్యకావ్యపు వర్తమానం ఆ నగరాన్ని మళ్లీ నిలబెట్టింది. ఇదే వస్తువును ప్రబంధంగా రాసి ఉంటే పురవర్ణన ఒక ఆశ్వాసంలో ముగిసిపోయేది. వాడవాడకూ ఒక ఉత్ప్రేక్ష, కోటకొక అతిశయోక్తి తప్ప, నడిచే మనిషికి మాత్రమే దొరికే వివరం అందులో ఉండేది కాదు.

వీథి, వీధి

దశరూపకాలలో వీథి ఒకటి. ఒకటి రెండు పాత్రలు, ఒకే అంకం, శృంగార ప్రాధాన్యం, ఉక్తిప్రత్యుక్తుల చమత్కారం దీని లక్షణాలు. లాక్షణికులు పదమూడు వీథ్యంగాలను చెప్పారు. ఈ రూపానికి దగ్గరి చుట్టం భాణం. భాణంలో విటుడు ఒక్కడే నగరంలో తిరుగుతూ, కనబడని మనుషులతో ఆకాశభాషితంగా మాట్లాడతాడు. సంస్కృతంలో ఈ నగరయాత్రకు ప్రసిద్ధ నిదర్శనం చతుర్భాణి. దానిని 1922లో ప్రకటించినవారిలో మానవల్లి రామకృష్ణకవి కూడా ఉండడం విశేషం. నగరంలో తిరిగే రసికుని కథలు తెలుగులోను, సంస్కృతంలోను కూడా ఒకే పరిశోధకుని చేతి మీదుగా వెలికి రావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన విమర్శ తెలుగులో విరివిగా రాలేదు.

భాణంలోని విటుడు ఒంటరి. అతని తీర్పుకు ఎదురు లేదు. క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మకు టిట్టిభసెట్టి తోడున్నాడు. ఒకడు బ్రాహ్మణుడు, మరొకడు వైశ్యుడు. మాటలలో పెద్దవాటా శర్మదే. చూడరా అని చూపేవాడు అతడు, చూసేవాడు సెట్టి. అయినా సెట్టి పక్కన ఉండడం వలన శర్మ చూపు ఎవరికో ఒకరికి వివరించి చెప్పవలసిన చూపు అవుతుంది. ఒంటరిగా చూసేవాడు ఆనందించి ఊరుకోవచ్చు. తోడుగా నడిచేవాడు ఉంటే ఆ ఆట ఏమిటో, ఆ పాట ఎవరిదో, ఆ దేవత ఎక్కడిదో చెప్పాలి. క్రీడాభిరామంలో మనకు దొరికే కళా సమాచారమంతా ఈ చెప్పవలసిన అవసరం నుంచి పుట్టినదే. అది కవి మనకు ప్రత్యేకించి ఇచ్చిన సమాచారం కాదు. స్నేహితుల ముచ్చట మనకు చెవినపడుతున్నది.

కాకతీయుల నాటి కళలకు ఇతర ఆధారాలు లేకపోలేదు. గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని నృత్తరత్నావళి (1253–54) ఎనిమిది అధ్యాయాలలో సగాన్ని దేశి నృత్తాలకు కేటాయించింది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర శ్రీశైలంలో శివరాత్రి నాడు భక్తులు ఆడిన ఆటలను, పాడిన పాటలను బారులు తీర్చింది. జాయపకు ఆట లక్షణం కావాలి. సోమనాథునికి ఆడేవారి భక్తి కావాలి. ఇద్దరికీ తాము ఏమి వెతుకుతున్నారో ముందే తెలుసు. మంచనశర్మ ఏదీ వెతకడు. ఎదురైనదాని దగ్గర ఆగుతాడు, ఆగి విసుగెత్తగానే కదులుతాడు. అతనికి శాస్త్రమూ లేదు, వ్రతమూ లేదు. పొట్టేళ్ల పోరూ కోడిపందెమూ పాములాటా దేవీస్తుతీ అతనికి ఒకే వీధిలో ఒకదాని వెంట ఒకటిగా వచ్చే వినోదాలు. ఈ క్రమరాహిత్యమే అతని సాక్ష్యానికి బలం. అతడు ఏది పట్టించుకున్నాడో, ఎంతసేపు పట్టించుకున్నాడో అన్నది ఏ సిద్ధాంతమూ నిర్ణయించలేదు.

కన్ను ముందున్న పద్యాలు

నడక వెలిపాళెం వైపు నుంచి కోట లోపలికి సాగుతుంది. దారిపొడుగునా పద్యాలు స్త్రీల చుట్టూ తిరుగుతాయి. వృత్తిపనుల స్త్రీలు, దేవాలయాల స్త్రీలు, వేశ్యలు. వీథికి శృంగారం విహితమన్న సమాధానం సులభమైనదే గాని చాలినది కాదు. మైలారదేవుని కొలువులో గొరగపడుచు చేసే విన్యాసాన్ని వర్ణించిన తావు పరిశీలించదగినది. ఆమె వెనుకకు వంగి నీటిలోని వస్తువును ముక్కుతో అందుకుంటుంది. ఇది ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప రాని విద్య. పద్యం ఆ విద్యను కళ్లకు కడుతుంది, సందేహం లేదు. అయితే వర్ణన అంతా వంగిన దేహపు రేఖ వెంటనే పోతుంది. ఆమె ఎవరి కోసం ఆ వ్రతం పట్టిందో, ఆ వంగడంలో భక్తి ఏదో శ్రమ ఏదో పద్యానికి పట్టదు. అదే మైలారు వీరభటుల అగ్నిగుండాల ప్రవేశాన్ని, ఒడలు నొప్పించుకునే సాహసాలను చెప్పేటప్పుడు పద్యానికి వెరపు, గౌరవం వస్తాయి. ఒకే దేవుని ముందు ఒకే రకపు దేహసాహసం చేసిన స్త్రీకి ఒక చూపు, పురుషునికి మరొక చూపు.

దీనిని కవి దోషంగా లెక్కించనక్కరలేదు. పాత్ర స్వభావంగా చూస్తే చాలు. కామమంజరి ఇంటికి చేరవలసిన మంచనశర్మ కళ్లతో చూసిన నగరం ఇలాగే ఉంటుంది. పూటకూళ్లింట రూకకు దొరికే భోజనాన్ని అతడు ఏ రుచితో వర్ణిస్తాడో, ఆడే పడుచులనూ దాదాపు ఆ రుచితోనే వర్ణిస్తాడు. మధ్యాహ్నపు విస్తరి మీది వంటకాలకు దొరికినంత శ్రద్ధ కొందరు కళాకారులకు దొరకలేదన్నది కూడా నిజం.

రెండు ఇంద్రియాల నడుమ

జక్కుల పురంధ్రి పద్యం దగ్గర పరిస్థితి మారడం మొదలవుతుంది. కామవల్లీ మహాలక్ష్మి కథను పాడుతూ వచ్చే ఈ స్త్రీని సాహిత్య చరిత్రకారులు యక్షగాన పూర్వరూపాల చర్చలో తరచు స్మరిస్తారు. కవి ఆమెను సీసంలో నిలిపాడు. సీసపు మొదటి అడుగులోనే వాద్యపు కోణం ఒరపిడి, దాని నుంచి లేచే ఘుమఘుమ ధ్వని, ఆ ధ్వనికి తోడైన తారస్థాయి కంఠం వినబడతాయి. అటు తరువాతి పాదాలు ఆమె బొట్టు, కంటి కాటుక, చేతుల తీరు వైపు మళ్లుతాయి. వినికిడి ముందు వచ్చింది, చూపు దాన్ని తరుముతూ వచ్చింది. సీసం విస్తారమైన ఛందస్సు కాబట్టి రెండింటికీ చోటు దొరికింది. పాడుతున్న కథ ఏదో కవి చెప్పాడు, పాడుతున్న స్థాయి ఏదో చెప్పాడు, ఆమె కులం ఏదో చెప్పాడు. పేరు చెప్పలేదు.

ఏకవీరాదేవి ఎదుట బవనీల గాయకుడు పరశురాముని కథలు పాడిన చోట వర్ణన మరీ క్లుప్తం. అక్కడ అతని వాద్య నైపుణ్యానికీ, పాడిన ప్రౌఢికీ మాత్రమే ప్రశంస ఉంది. బవనీల చక్రవర్తి అన్న బిరుదు వంటి మాట ఒకటుంది. దేహవర్ణన లేదు. గాయకుడు పురుషుడు కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అదొక్కటే కారణమైతే ఇక్కడి వాదం నిలవదు. అది నిలుస్తుందో లేదో తేల్చవలసినది పల్నాటి పద్యమే. ఎందుకంటే అక్కడ పాడినది స్త్రీ. (తెలంగాణలో జమిడిక మీద ఎల్లమ్మ కథ చెప్పే బవనీలు నేటికీ ఉన్నారు. రేణుక, పరశురాముడు ఆ కథకు కేంద్రమే. గ్రంథాలలోకి ఎక్కని కథకు ఇంత ఆయుస్సు ఉండడం ఆశ్చర్యమేమీ కాదు. అది నిలిచిన చోటు గ్రంథం కాదు గనుక.)

పల్నాటి పాట

పన్నెండవ శతాబ్దంలో గురిజాల, మాచర్ల రాజ్యాల నడుమ పుట్టిన పగ కారెంపూడి రణంలో ముగిసింది. ఆ కథ పుట్టిన నేలకు ఎంతో దూరాన ఉన్న ఓరుగల్లులో ఒక స్త్రీ వీధిలో నిలబడి దానిని పాడుతున్నది. వీరుల కులదైవం గురిజాల గంగమ్మ అనీ, కలని పోతురాజు వారికి చెలికాడనీ ఆ సందర్భంలో కృతి చెబుతుంది. ఓరుగల్లు దేవతలైన కాకతమ్మ, ఏకవీరల పక్కన ఇలా పల్నాటి ఊరి దేవత పేరు ఊరి పేరుతో సహా నిలవడం గమనించవలసినది. మిత్రులు అంతవరకు చూసిన ఆటలలో చాలావాటికి ఇంతటి భౌగోళిక నిర్దేశం లేదు.

పాటను వర్ణించిన పద్యం మత్తేభం. అందులోని సాంకేతిక పదాలు వరుసగా ఇవి: ద్రుతతాళం, యతి, గ్రామం, ద్విపద ప్రబంధం. తాళపు వేగం చెప్పాడు, లయ విన్యాసం చెప్పాడు, స్వరవ్యవస్థ చెప్పాడు, పాట నడిచిన ఛందస్సు చెప్పాడు. గాయని కన్నులు, నడుము, నవ్వు ఏవీ పద్యంలో లేవు. పాడినది ఒకత అని మాత్రమే ఉంది. కృతి అంతటా స్త్రీ కనబడిన ప్రతిచోటా ఏదో ఒక అవయవాన్ని పట్టుకున్న కవి ఇక్కడ ఒట్టి స్త్రీప్రత్యయంతో సరిపెట్టుకున్నాడు. చూపుకు చోటు లేకుండా పద్యమంతా ధ్వనితో నిండింది.

ఛందస్సు స్థాయిలో దీనిని ఇంకొంత దగ్గరగా చూడవచ్చు. మత్తేభ పాదానికి స, భ, ర, న, మ, య, వ గణాలు. యతి పద్నాలుగవ అక్షరం. ఈ పద్యపు మొదటి పాదంలో మూడు లఘువుల నగణం గడిచిన వెంటనే వచ్చే మగణం మూడు గురువులూ వాద్యం మీద పడిన మూడు దెబ్బలే. ధుం ధుం ధుం అన్న అనుకరణ ధ్వని మగణంలో అక్షరానికి అక్షరంగా కుదిరింది. ఆ మూడు దెబ్బలలో నడిమిది సరిగ్గా పద్నాలుగవ అక్షరం. అంటే పాదారంభంలోని ద్రుతతాళపు మొదటి అక్షరానికి యతి చెల్లినది వాద్యపు దెబ్బతోనే. వేగంగా జారే లఘువులు, వాటిని ఆపి మోగే గురువులు. వాద్యకారిణి చేయి ఏ క్రమంలో పడిందో పాదపు గణక్రమం ఆ క్రమంలోనే పడింది. పాట యతితో కూడి ఉందని చెబుతున్న పద్యం తన యతిస్థానంలో ఆ పాట వాద్యాన్నే నిలిపింది. కృతిలో మరెక్కడా కవి విన్నదానికి ఇంతగా లొంగలేదు.

వినేవారి విషయం చివరి పాదంలో వస్తుంది. ఒక్కొక్క అక్షరానికీ కుమారకులు కేకలతో ఊగిపోతున్నారు. ఇక్కడ అక్షరం అన్న మాట విలువైనది. కథలోని ఘట్టానికో, వీరుని మరణానికో కాదు, అక్షరానికి. తెలిసిన కథను వినేవారు మాత్రమే అలా ఊగగలరు. కథ ఎటు పోతుందో తెలియనివారికి అక్షరం దగ్గర ఊగే తీరిక ఉండదు. కాబట్టి ఓరుగల్లు యువకులకు పల్నాటి కథ కొత్తది కాదు. ప్రాంతీయ వీరగాథ మహానగరంలో అప్పటికే పాతుకుపోయిందనడానికి ఆ ఒక్క పదం చాలు.

ద్విపద వీధిలో పాడే ఛందస్సు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండు పాదాలతో ఊపిరి తీసుకుని మళ్లీ సాగిపోతుంది. ఇరవై అక్షరాల మత్తేభం సభలో చదివే ఛందస్సు. సభాఛందస్సు వీధిఛందస్సు పేరు చెప్పి గౌరవించడం పదిహేనవ శతాబ్దపు తెలుగులో అల్పవిషయం కాదు. ద్విపద మీద పండితులకు ఉన్న చిన్నచూపు జగమెరిగినది. శ్రీనాథుడంతటివాడు పల్నాటి వీరచరిత్రను ద్విపదలో ఎందుకు రాశాడన్న ప్రశ్నకు సమాధానాన్ని పండితులు సాధారణంగా పాల్కురికి సోమనాథుని వరవడిలో వెతుకుతారు. సమాధానం క్రీడాభిరామంలోనే ఉంది. పల్నాటి కథకు ద్విపద కవి ఎంచుకున్న ఛందస్సు కాదు, కథతోపాటే వచ్చిన ఛందస్సు. వీధిలో ఆ కథ ద్విపదగా మోగుతుండగా మరొక ఛందస్సులో రాస్తే అది పల్నాటి కథ అయ్యేది కాదు. శ్రీనాథుని పేరుతో దొరికిన భాగాన్ని 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించినప్పటి నుంచి దానిని కావ్యంగా చదవడం మీద ఉన్న శ్రద్ధ, పాటగా వినడం మీద తక్కువే.

ఇక్కడ ఒక చాటువును తలచుకోకుండా ఉండడం కష్టం. రసికుడైనవాడు పల్నాడు పోడనీ, అక్కడ ఎంతటివారికైనా జొన్నకూడే గతి అనీ శ్రీనాథుని పేర ఒక చాటువు ప్రచారంలో ఉంది. కొండవీటి కోటలో సన్నబియ్యం తిన్న విద్యాధికారి విసుగు అందులో వినిపిస్తుంది. నిజంగా శ్రీనాథుడే చెప్పినా, జనం ఆయనకు అంటగట్టినా, ఆస్థాన రసికత పల్నాడును చూసిన చూపు అది. అక్కడికి పోయి ఆ రసికుడు విస్తరిని చూశాడు. పల్నాడు తానుగా ఓరుగల్లు వీధికి వచ్చినప్పుడు అంతే భోజనప్రియుడైన మంచనశర్మ దాని పాట విన్నాడు. క్రీడాభిరామానికి శ్రీనాథుడే కర్త అన్నవారు ఈ రెండింటినీ ఒకే మనిషికి ఆపాదించి, పొత్తు కుదిర్చే భారం కూడా మోయాలి. ఆ భారం మోయరానిది కాదు. ఒకే మనిషి కంటితో ఒకలాగా, చెవితో మరొకలాగా ఉండగలడని ఈ కృతే చెబుతున్నది కదా.

చిత్రశాలలో

పాట తరువాత బొమ్మల సంగతి. గచ్చు మీద రాసిన పల్నాటి వీరుల చిత్తరువును శర్మ సెట్టికి చూపుతాడు. పాటలో విన్న వీరులే బొమ్మలో కనబడతారు. బొమ్మ ముందు శర్మ మాటలో వేడి కొంత చల్లారుతుంది. పేర్లు, బిరుదులు వస్తాయి, కాని పాట దగ్గర ఉన్న ఒళ్లు మరచిన స్థితి లేదు. చిత్రం అతడిని మళ్లీ ప్రేక్షకునిగా మార్చింది.

ప్రతాపరుద్రుని గోష్ఠిలో మన్నన పొందిన మాచల్దేవి చిత్రశాలా ప్రవేశోత్సవం మరొక ఘట్టం. దారుకావనంలో శివుడు, గోపికల నడుమ కృష్ణుడు, మేనకా విశ్వామిత్రులు వంటి పురాణ శృంగార చిత్రాలు ఆ గోడల మీద ఉన్నాయి. వీటి ఎంపిక సామాన్యమైనది కాదు. నియమం తప్పిన దేవతలనూ ఋషులనూ ఒక వేశ్య తన ఇంటి గోడల మీద వరుసగా నిలబెట్టింది. ఎవరి కోరిక మీద ఆ బొమ్మలు వెలిశాయన్నది ముఖ్యం. చిత్రకారుని చేతిని అందరూ మెచ్చుకుంటారు, చిత్రాలను ఎంచిన స్త్రీ బుద్ధిని మెచ్చుకున్నవారు అరుదు. తన వృత్తిని తప్పుపట్టబోయే అతిథికి గడప దాటగానే పురాణమే సమాధానం చెప్పేటట్టు ఏర్పాటు చేసిన మాచల్దేవి ఈ కృతి మొత్తంలో చూపును తన అధీనంలో ఉంచుకున్న ఏకైక స్త్రీ. ఆమెకు పేరుంది. రాజగోష్ఠితో సంబంధం ఉన్నందువల్లనే ఉంది. కొండవీట లకుమాదేవికి ఉన్నట్టుగానే. కోట వెలుపలి విద్యకు నగరపు వీథిలో తావు దొరికింది గాని పేరు దొరకలేదు.

పట్టికగా చదవడం

సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) క్రీడాభిరామాన్ని విరివిగా వాడుకుంది. రాజుల జాబితాలే చరిత్ర అనుకుంటున్న కాలంలో జూదాలు, వంటలు, వేషాలు, ఆటలు చరిత్రే అని నిరూపించడానికి సురవరం చేసిన కృషికి క్రీడాభిరామం కన్న తగిన ఆధారం దొరకదు. ఆ ఋణం తీరేది కాదు. అయితే ఆయన తరువాతివారి చేతిలో ఆ పద్ధతి యాంత్రికమైంది. కాకతీయ యుగపు కళలపై వచ్చిన వ్యాసాలలో గొరగపడుచు, జక్కుల పురంధ్రి, బవనీలు, పల్నాటి గాయని, మాచల్దేవి ఒకే వాక్యంలో కామాల మధ్య కనబడతారు. ఎవరు చూస్తుండగా, ఏ పొద్దున, ఏ ఆట తరువాత అన్న వివరం జారిపోతుంది. మంచనశర్మ మాయమై, అతని మాట మాత్రం నిష్పాక్షిక సాక్ష్యంగా మిగులుతుంది. అతడు జనాభా లెక్కలు రాయడానికి బయలుదేరలేదు. ప్రియురాలి ఇంటికి వెళ్లేలోగా పొద్దు గడపడానికి బయలుదేరాడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే అతని సాక్ష్యం తక్కువ కాదు, మరింత బలపడుతుంది. పొద్దు గడపడానికి వచ్చినవాడిని కూడా నిలబెట్టగలిగిన విద్య ఏదో అప్పుడు తేటగా తెలుస్తుంది.

పల్నాటి కథను పాడేవారిని వీరవిద్యావంతులంటారు. కారెంపూడిలో ఏటా వీరారాధన జరుగుతుంది. జీన్ హెచ్. రోఘైర్ 1982లో ప్రకటించిన ది ఎపిక్ ఆఫ్ పల్నాడు అనే పరిశోధన గ్రంథం ఆ సంప్రదాయానికి చెందిన ఒక గాయకుడు పాడిన పాఠం మీద ఆధారపడింది. గాయకుని పేరు అలిసెట్టి గాలెయ్య అని ఆ గ్రంథం నమోదు చేసింది. క్రీడాభిరామంలో పాడినది స్త్రీ, రోఘైర్‌కు పాడినది పురుషుడు. ఓరుగల్లులో యువకులను ఊపిన ఆ స్త్రీకంఠం ఈ సంప్రదాయంలో ఒకప్పుడు స్త్రీలకు ఉన్న చోటుకు సాక్ష్యం. మత్తేభపు మొదటి పాదంలో మోగిన మూడు గురువులు ఒక స్త్రీ చేతి దెబ్బలు. పల్నాటి వీరగాథా గానంపై రాసేవారు వీరవిద్యావంతుల వంశాలతో మొదలుపెట్టే ముందు ఈ పద్యంతో మొదలుపెట్టవలసి ఉంటుంది.